ఒకటో తారీఖు

2000లో విజయవాడలోని ఒక పెద్ద బట్టల కొట్లో, చీరల కౌంటర్లో చేరాను. జీతం నెలకి 1,400. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు సగం దించేసేవాళ్ళు. అంటే పని అయిపోయినట్టే. కానీ ప్రతి నెలా మొదటి పది రోజులూ మాలో ఎవరమూ ఆ షట్టరు కింద నుంచి వంగి బయటికొచ్చేవాళ్ళం కాదు. మడతపెట్టిన చీరనే మళ్ళీ విప్పి మడతపెడుతూ, ర్యాకులు సర్దుతున్నట్టు నటిస్తూ, ఓ కన్ను గల్లాపెట్టె మీద వేసి ఉంచేవాళ్ళం. షావుకారుగారు లెక్క చూసుకుని, నోట్ల కట్టలకి రబ్బరు బ్యాండ్లు వేసి, తలెత్తి మా వైపు చూస్తే ఆ రోజు జీతాలు. తలెత్తకుండా తాళాల గుత్తి అందుకుంటే లేవు. సీనియర్లలో ఎవరైనా ధైర్యం చేసి చిన్నగా దగ్గితే, "రేపు చూద్దాంలే అమ్మా" అనేవారు.

ఆయన చెడ్డమనిషి కాదు. మా అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు అడక్కుండానే 3,000 చేతిలో పెట్టారు. తిరిగి జీతంలో కోసుకోలేదు కూడా. నా పెళ్ళికి పట్టుచీర పెట్టారు. అయినా ఆ కొట్లో పనిచేసిన ఆరేళ్ళలో నా జీతం ఏ తారీఖున వస్తుందో నాకు ఒక్క నెల కూడా ముందుగా తెలియలేదు. ఒక నెల 4న, ఒక నెల 11న. డబ్బు లేక ఆలస్యం చేసేవారా అంటే అదీ కాదు, గల్లా నిండుగానే ఉండేది. ఆయన దృష్టిలో అది ఎప్పుడైనా ఇవ్వదగ్గ డబ్బు, అంతే.

మా వీధిలో చీటీ ప్రతి నెలా 5న పాడేవాళ్ళు. డబ్బు కట్టనివాళ్ళకి ఆ నెల పాడే హక్కు లేదు, పైగా పది రూపాయల జరిమానా. పాలవాడికి 3న ఇవ్వాలి. ఇంటి అద్దె 2వ తారీఖు దాటితే, ఓనరుగారి భార్య కుళాయి దగ్గర పలకరింపు మానేసేది. షావుకారుగారికి అది వారం రోజుల తేడా. మా ఇంట్లో అది రెండు చేబదుళ్ళు, ఒక అబద్ధం, ఒక పూట మాటల్లేని భోజనం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య మా తెనాలిలో చిన్న వ్యాపారులం కొందరం డబ్బులేసుకుని ఒక ట్రైనర్‌ని పిలిచాం. పనివాళ్ళని సంతోషంగా, హుషారుగా ఉంచడం ఎలా అన్నది క్లాసు. ఆయన మైకు పట్టుకుని మమ్మల్ని లేపి నిలబెట్టాడు, చప్పట్లు కొట్టించాడు, పక్కవాళ్ళ భుజం తట్టమన్నాడు. తర్వాత తెర మీద వరసగా చూపించాడు. పుట్టినరోజుకి కేకు కోయించండి. నెలకొకరి ఫోటో గోడ మీద పెట్టండి. "మనమంతా ఒక కుటుంబం" అని రోజూ పొద్దున అనిపించండి. మూడు గంటలు సాగింది. అందులో జీతం అన్న మాట ఒక్కసారి వచ్చింది, అదీ "జీతం ఒక్కటే చాలదు" అనే వాక్యంలో.

నాకు తెనాలిలో చీరల కొట్టు ఉంది. 2011లో పెట్టాం. ఇప్పుడు నాతో కలిపి పదిమందిమి. నిలబడి అమ్మినదాన్ని, కూర్చుని అమ్మించినదాన్ని కూడా కాబట్టి నాకు తోచింది చెప్తాను. పనివాళ్ళని సంతోషపెట్టడం యజమాని చేతిలో ఉన్న పని కాదు. వాళ్ళ సంతోషం వాళ్ళ పిల్లల మార్కుల్లో ఉంటుంది, మొగుడి తాగుడు మానడంలో ఉంటుంది, మోకాళ్ళ నొప్పిలో ఉంటుంది. యజమాని చేతిలో ఉన్నది ఒకటే. వాళ్ళకి సంబంధించిన సంగతి వాళ్ళకి ముందుగా తెలియనివ్వడం, తెలిసినదాన్ని మార్చకుండా ఉండడం. జీతం ఏ రోజు, సెలవు ఏ రోజు, ఏడాదికి ఎంత పెరుగుతుంది, కొట్టు ఎలా నడుస్తోంది, తప్పు జరిగితే ఏం జరుగుతుంది. ఇవి తెలిసిన మనిషి తన బతుకు తాను సర్దుకుంటుంది. అలా సర్దుకున్న మనిషే కౌంటర్లో కస్టమర్ మొహం వైపు చూడగలదు. సర్దుకోలేనిది గల్లాపెట్టె వైపు చూస్తుంది. నేను ఆరేళ్ళు గల్లా వైపు చూశాను కాబట్టి చెప్తున్నా, ఆ రోజుల్లో కస్టమర్ ఏ రంగు అడిగిందో నాకు వినపడేది కాదు.

ఆ కొట్లోదే ఇంకో సంగతి. బట్టల వ్యాపారంలో చీర చీటీ మీద అమ్మకం ధర పక్కనే చిన్న అక్షరాలుంటాయి. అది కొన్న ధర. పది వేర్వేరు అక్షరాలున్న ఒక మాట యజమాని మనసులో పెట్టుకుంటాడు. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. కస్టమర్‌కి తెలియకుండా ఎంతవరకు తగ్గించవచ్చో సేల్స్‌వాళ్ళకి తెలియాలని ఆ ఏర్పాటు. మా కొట్లో మాత్రం కౌంటరు పెద్దకి తప్ప ఎవరికీ ఆ మాట చెప్పలేదు. చీటీలు అంటించేది మేమే, బిల్లులు దింపేది మేమే. చేరి నెల తిరక్కముందే అందరికీ తెలిసిపోయేది.

దసరాకి షావుకారుగారు మాకు బోనస్ అని చెప్పి తలో చీర పెట్టేవారు. పసుపు, కుంకుమ, తమలపాకులతో, ఆయన భార్య చేతుల మీదుగా. చక్కటి పద్ధతే. ఇంటికెళ్ళి చీర తిప్పి చూస్తే, చీటీ పీకేశారు గానీ దాని జిగురు మరక అక్కడే ఉండేది. ఒక ఏడాది నాకు వచ్చింది సూరత్ చీర, ఆవపువ్వు రంగు, బ్రౌన్ అంచు. దాన్ని నేనే రెండు సీజన్లు అమ్మలేకపోయాను. ఆ చీటీ నేనే అంటించాను. అమ్మకం ధర 695, కొన్నది 240. అంటే నా ఏడాది కష్టానికి షావుకారుగారు కట్టిన విలువ 240 అని నాకు తెలుసు. నాకు తెలుసన్న సంగతి ఆయనకి తెలియదు. 20 మంది, అంతకుమించి పనిచేసే చోట బోనస్ చట్టం 1965 నుంచే ఉందనీ, కనీసం 8.33 శాతం అంటే ఏడాదికి ఒక నెల జీతమనీ నాకు ఆ తర్వాత చాలా ఏళ్ళకి తెలిసింది. మేం 40 మందిమి.

కానుక తప్పని నేను అనడం లేదు. చీరలు అమ్మేదాన్ని, కానుకల మీదే బతుకుతున్నాను. సూరత్‌లో సావ్‌జీ ఢోలకియా అనే వజ్రాల వ్యాపారి దీపావళికి పనివాళ్ళకి వందల కార్లు ఇచ్చాడని పేపర్లలో వచ్చినప్పుడు, మా కొట్లో పిల్లలు ఆ ఫోటో నాకు చూపించి నవ్వారు. "అక్కా, మాకు స్కూటీ అయినా పర్లేదు" అని. నాకు తట్టింది వేరు. కారైనా చీరైనా, వచ్చే ఏడు వస్తుందో లేదో తెలియని దాని మీద ఎవరూ ఇల్లు కట్టుకోరు. రేటు ముందే రాసి ఉన్న వాటా చిన్నదైనా, దాని మీద పిల్ల కాలేజీ ఫీజు లెక్కేసుకోవచ్చు.

వాటా అంటే మా ఆడపడుచు ఇల్లు చూడాలి. వాళ్ళది గోదావరిఖని. మా అన్నయ్యగారు సింగరేణిలో పనిచేస్తారు. దసరా ముందు వాళ్ళింట్లో లాభాల వాటా తప్ప వేరే మాట ఉండదు. ఈసారి ఎంత శాతం, నా మస్టర్లు, అంటే పనికెళ్ళిన రోజులు ఎన్ని, గైర్హాజరు వల్ల ఎంత పోయింది, ఇదే గోల. 2024లో 33 శాతం అన్నారు. మొత్తం 796 కోట్లు, మనిషికి సగటున లక్షా తొంభై వేలు. ఆ లెక్కలో ఆయన చూపించిన మెలిక కూడా ఉంది. అసలు లాభం 4,701 కోట్లయితే, అందులో 2,289 కోట్లు విస్తరణకని ముందే పక్కన పెట్టి, మిగిలినదాంట్లో 33 శాతం ఇచ్చారు. కార్మిక సంఘాలు దాని మీద గట్టిగానే అరిచాయి. అరవడానికి వాళ్ళ దగ్గర అంకె ఉంది కదా, నేనంటున్నది అదే. మా షావుకారుగారి చీర మీద మేం ఏమని అరుస్తాం?

అదే ఏడు అక్కడి కాంట్రాక్టు కార్మికులకి మొదటిసారిగా తలా 5,000 ఇచ్చారు. సుమారు పాతికవేల మంది. పర్మినెంటు మనిషికి లక్షా తొంభై వేలు, కాంట్రాక్టు మనిషికి ఐదువేలు. దిగేది అదే గనుల ప్రాంతంలో. మా అన్నయ్యగారు ఈ సంగతి వచ్చినప్పుడు టీవీ సౌండు పెంచేస్తారు.

ఇక నా తప్పులకి వస్తాను. షావుకారుగారిని ఇన్ని అన్నదాన్ని, సొంత కొట్టు పెట్టాక నేనేం చేశానో చెప్పకపోతే అన్యాయం.

ఆరేళ్ళు నిలబడి పనిచేశాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా. మధ్యాహ్నం అన్నానికి అరగంట. కస్టమర్లు లేకపోయినా కూర్చోకూడదు. కౌంటరుకి ఆనుకుంటే ఫ్లోర్ మేనేజర్ చిటిక వేసేవాడు. బాత్రూం మూడో అంతస్తులో ఉండేది కాబట్టి నీళ్ళు తాగడం తగ్గించేశాం. ఇంటికెళ్ళాక కాళ్ళు గోడకి ఎత్తిపెట్టి పడుకుంటే, పాదాల్లో ఏదో బుసబుసమన్నట్టు ఉండేది. ఆ దశలోనే మోకాళ్ళు పోయాయి. మరి 2011లో నేను కొట్టు పెట్టినప్పుడు పనివాళ్ళకి స్టూళ్ళు వేశానా? వెయ్యలేదు. నాలుగేళ్ళు వెయ్యలేదు. కస్టమర్ లోపలికొచ్చేసరికి పిల్లలు కూర్చుని కనిపిస్తే బాగోదనుకున్నాను. నా నోటితో నేనే, "ఆనుకోకండమ్మా, నిద్రమొహంలా ఉంటుంది" అన్నాను. ఎవరి మాట అదని ఆ క్షణంలో తట్టలేదు.

వింత ఏమిటంటే, అసలు మన బట్టల కొట్లు నిలబడి అమ్మే కొట్లు కావు. నా చిన్నప్పుడు తెనాలిలో ఏ కొట్టుకెళ్ళినా తెల్ల దుప్పటి పరిచిన పరుపు ఉండేది. గుమస్తా బాసింపట్టు వేసుకుని ఎదురుగా కూర్చునేవాడు, అమ్మా పిన్నీ చెప్పులు విప్పి ఈ పక్క కూర్చునేవాళ్ళు, చీరలు మధ్యలో గుట్టలు పడేవి. గాజు కౌంటర్లు, ఏసీ షోరూములు వచ్చాక కస్టమర్‌కి కుర్చీ మిగిలింది, అమ్మేవాళ్ళు లేచి నిలబడ్డారు. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనే చెప్పింది. బట్టల కొట్ల సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ పట్టలేదు. కేరళలో చీరల షాపుల ఆడపిల్లలు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. కోళికోడ్‌లో విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ వాళ్ళని కూడగట్టింది. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. కేరళ వార్త చదివిన రోజు నా కొట్లో స్టూళ్ళు వచ్చి మూడేళ్ళయింది కాబట్టి గర్వంగా ఉండాల్సింది. ఉండలేదు. ఆ మూడేళ్ళకి ముందున్న నాలుగేళ్ళు గుర్తొచ్చాయి.

స్టూళ్ళు ఎలా వచ్చాయో కూడా చెప్పాలి. మా కొట్లో అందరికంటే పెద్దావిడ ఒకరున్నారు, అందరం పెద్దక్క అంటాం. పెళ్ళిళ్ళ సీజన్లో ఒక సాయంత్రం ఆవిడ నా పక్కకొచ్చి, "మీ మోకాలికి ఏ మందు రాస్తున్నారు? నాకూ చెప్పండి" అంది. అంతే అంది. మర్నాడు ఐదు ప్లాస్టిక్ స్టూళ్ళు తెచ్చాను. అమ్మకాలేం తగ్గలేదు. పెరిగాయని చెప్పాలని ఉంది గానీ, పెరగలేదు కూడా. అంతకుముందు మధ్యాహ్నం మూడింటికి ఒకరి మీద ఒకరు విసుక్కునేవాళ్ళు. అది మాత్రం తగ్గింది.

రెండో తప్పు దీనికంటే పెద్దది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డప్పుడు, పెళ్ళిళ్ళ సరుకు తెచ్చిపెట్టుకుని షట్టరు వేసేశాం. ఏప్రిల్ ఒకటిన నేను అందరికీ ఫోన్ చేశాను. మార్చి జీతం పూర్తిగా ఇస్తాననీ, ఏప్రిల్‌కి సగం ఇస్తాననీ, ఆ పైన నా దగ్గర లేదనీ, మిగిలింది చీటీ మీద రాసుకుని దసరాకి ఇస్తాననీ చెప్పాను. ఏదో తెలివితో చేసింది కాదది. భయంతో చేశాను. ఎవరేమంటారోనని చెయ్యి వణుకుతూనే చేశాను. ఒక అమ్మాయి ఏడ్చింది. ఇంకో అమ్మాయి, "అయితే మా ఆయన్ని కూరగాయల బండి పెట్టుకోమంటాను" అని ఫోన్ పెట్టేసింది, నిజంగానే పెట్టించింది. దసరాకి ఇచ్చేశాను. ఒక్కరూ మానలేదు.

2022లో ఊళ్ళోకి పెద్ద షోరూం వచ్చింది. ఆ ఆషాఢంలో మా వ్యాపారం పడుకుంది. ఈసారి లాక్‌డౌన్ లాంటిది కాదు. అది అందరి కష్టం, ఇది నా ఓటమి. అందుకని ఎవరికీ చెప్పలేదు. జీతాలు ఒకటినే ఇచ్చాను, కానీ సాయంత్రం టీతో పాటు తెప్పించే పునుగులు మాన్పించాను. రోజుకి 150 రూపాయలు మిగిల్చాను. వాళ్ళు ఆ పునుగుల్ని బట్టి మొత్తం లెక్క కట్టేశారు. హోల్‌సేల్ వాళ్ళ ఫోన్‌కి నేను కొట్టు బయటికెళ్ళి మాట్లాడడం, విజయవాడ వెళ్ళి చిన్న మూటతో రావడం, అన్నీ కలుపుకున్నారు. శ్రావణమాసం మొదటి శుక్రవారానికి నాలుగు రోజుల ముందు, నా దగ్గర ఉన్నవాళ్ళలో బాగా అమ్మే ఇద్దరు ఆ షోరూంలో చేరిపోయారు. సీజన్ నెత్తిమీద ఉంది. నాకు పిచ్చికోపం వచ్చింది. విశ్వాసం లేదు, తిన్నింటివాసాలు లెక్కపెట్టారు, ఇలాంటివే అనుకున్నాను, ఒకటి రెండు పైకే అన్నాను.

లెక్క తీసుకోడానికి వచ్చినప్పుడు వాళ్ళలో ఒకమ్మాయిని అడిగాను, నాకు చెప్పి ఉండాల్సింది కదా అని. "కొట్టు మూసేస్తారనుకున్నామక్కా" అంది. మరి అడగొచ్చు కదా అంటే, "మీరే చెప్పలేదు, మేమెట్టా అడుగుతాం? చెప్పినా ఉండేదాన్నో లేదో తెలీదు గానీ, ఏం తెలీకుండా అయితే ఉండలేను. మా బాబుకి ఆటో ఫీజు ఉంది" అంది.

యజమాని మౌనాన్ని కొట్లో ఎవరూ మౌనంగా వినరు. చెప్పని ప్రతి దానికీ వాళ్ళు ఒక కథ కట్టుకుంటారు, అది నిజంకంటే ఘోరంగా ఉంటుంది. నా అప్పు రెండున్నర లక్షలు. వాళ్ళ కథలో నేను ఇల్లు అమ్ముకున్నాను.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటిన, జీతాల కవర్లు ఇచ్చే ముందు పది నిమిషాలు కూర్చుంటాం. పోయిన నెల అమ్మకం ఎంత, పోయిన ఏడు ఇదే నెల ఎంత, ముందు మూఢం ఉందా, ముహూర్తాలు ఎన్ని, సరుకు ఎంత తెస్తున్నాం, చెప్పేస్తాను. లాభం అంకె చెప్పను, అంత పెద్దమనసు నాకు ఇంకా రాలేదు. కానీ కొన్న ధర అక్షరాల మాట అందరికీ చెప్పాను. చేరిన రోజే చెప్తాను. ఎలాగూ నెలలో కనిపెడతారు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఎంబీఏ చదివాడు. వాడికి ఇదంతా చెప్తే, "అత్తా, దీన్ని హాథార్న్ ఎఫెక్ట్ అంటారు" అన్నాడు. అమెరికాలో షికాగో పక్కన సిసెరో అనే ఊళ్ళో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళ హాథార్న్ ఫ్యాక్టరీలో 1920ల్లో ప్రయోగాలు చేశారట. లైట్లు పెంచినా పని పెరిగింది, తగ్గించినా పెరిగింది. విరామం ఇచ్చినా పెరిగింది, తీసేసినా బాగా తగ్గలేదు. కాబట్టి మనుషులకి కావాల్సింది ఎవరో ఒకరు తమని పట్టించుకోవడమేనని సారాంశం. ట్రైనర్ చెప్పిన భుజం తట్టుడు కూడా అక్కడి నుంచే వచ్చిందన్నమాట.

వాడి చేత ఇంకొంచెం చదివించాను. 1927లో టెలిఫోన్లకి వాడే రిలేలు అనే స్విచ్చులు బిగించే ఐదుగురు అమ్మాయిల్ని వేరే గదిలో కూర్చోబెట్టి, ఏళ్ళ తరబడి లెక్క రాసుకున్నారు. అంతకుముందు వాళ్ళ కూలి వందమందికి పైగా ఉన్న గుంపు మొత్తం పనిని బట్టి ఉండేది. ఈ గదిలోకి రాగానే అది ఈ చిన్న గుంపు పనిని బట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే తను ఎంత చేస్తే తనకి ఎంత వస్తుందో ఆ పిల్లకి మొదటిసారి కళ్ళ ముందు కనపడింది. ఇంకోటి, 1928 మొదట్లో వాళ్ళలో ఇద్దరిని, మాటలెక్కువయ్యాయని, సరిగ్గా సహకరించడం లేదని తీసేసి వేరేవాళ్ళని పెట్టారు. ఇవి రెండూ వదిలేసి "పట్టించుకుంటే చాలు" అని పాఠం చెప్పడం యజమానులకి బాగా చవక. మేనల్లుడు "పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడవత్తా" అన్నాడు.

ఇక "మనమంతా ఒక కుటుంబం" సంగతి. ఆ మాట నాకు మొదటినుంచీ పడదు. కుటుంబంలో జీతం అడిగితే తప్పవుతుంది కదా. అదీగాక, కుటుంబం అన్న యజమాని ఇంటి లోపలికి కూడా వస్తాడు. 1914 జనవరిలో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ రోజుకి ఐదు డాలర్ల కూలి ప్రకటించాడు. అప్పటి కూలికి అది రెట్టింపు. దాని వెనక జాలి కంటే లెక్క ఎక్కువ. అంతకుముందు ఏడాది 14,000 మందిని నిలబెట్టుకోడానికి 52,000 మందిని చేర్చుకోవాల్సి వచ్చింది, అంతలా మానేసేవాళ్ళు. డబ్బు పెంచాక మానడం తగ్గింది. కానీ ఆ ఐదు డాలర్లు అందరికీ ఊరికే రాలేదు. కంపెనీ మనుషులు ఇళ్ళకొచ్చి, ఇల్లు శుభ్రంగా ఉందా, తాగుతున్నాడా, డబ్బు దాస్తున్నాడా అని చూసి వెళ్ళేవాళ్ళు. మా షావుకారుగారు కూడా నేను ఎవరి స్కూటర్ మీద దిగానో అడిగేవారు, తండ్రిలాంటివాణ్ణి అని. మా కొట్లో పిల్లలు నన్ను అక్కా అంటారు, నేను వాళ్ళని పేరుతో, కొందరిని "ఏమ్మా" అని పిలుస్తాను. అది మన వరస, పిలుపు వరకే. వాళ్ళు నా దగ్గర పనిచేస్తున్నారు, నేను డబ్బిస్తున్నాను. ఇది గుర్తున్నంతకాలం వరస బానే ఉంటుంది.

నా పద్ధతి విని మా పక్క కొట్టాయన నవ్వుతాడు. "అన్నీ చెప్పేస్తే నెత్తినెక్కుతారమ్మా" అంటాడు. ఎక్కిన వాళ్ళు ఉన్నారు. ఒక కుర్రాడు ఉండేవాడు. కస్టమర్ ముందు చీర విప్పి అలా వదిలేసి ఫోన్ చూసుకునేవాడు. ఒకసారి చెప్పాను, పక్కకి పిలిచి. రెండోసారి చెప్పి, మూడోసారికి పంపేస్తానని కూడా చెప్పాను. మూడోసారి పంపేశాను. ఆ రోజు సాయంత్రమే లెక్క తేల్చి డబ్బిచ్చాను. 2019 నాటి వేతనాల కోడ్ 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చింది. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలని, నెల జీతం మర్నెల 7లోపు ఇవ్వాలని అందులో ఉంది. ఆ కుర్రాణ్ణి పంపింది అంతకుముందే. చట్టం కోసం చెయ్యలేదు, షట్టరు సగం దించాక గల్లా వైపు చూస్తూ నిలబడ్డ రోజులు ఉన్నాయి కాబట్టి చేశాను. మిగతా పిల్లలు ఆ రోజు నా మొహం వైపు కాదు, నా చేతిలో కవరు వైపు చూశారు. పంపేసినా లెక్క ఇస్తుందన్నమాట అని వాళ్ళకి తెలియడం, నాకు నెలకి ఒక కేకు ఖర్చు మిగిల్చింది.

పక్క కొట్టాయన అన్నదాంట్లో నిజం మరో చోట ఉంది, అది ఆయన అనలేదు, నేనే ఒప్పుకుంటాను. తారీఖు తప్పకుండా తక్కువ జీతం ఇవ్వడం కూడా ఒక విద్యే. ఒకటో తారీఖున ఠంచనుగా కవరు అందుకుని, పదో తారీఖుకి ఖాళీ అయిపోయే ఇళ్ళు మా కొట్లో మూడున్నాయి. చెప్పిన మాట తప్పలేదన్న తృప్తి నాకుంటుంది, వాళ్ళ గ్యాస్ బండకి మాత్రం అది సరిపోదు. పెద్ద షోరూం వాళ్ళు నాకంటే 2,000 ఎక్కువిస్తారు. నేను అంత ఇవ్వలేను. ఎందుకివ్వలేనో చెప్పాను, ఎప్పటికి ఎంత పెంచగలనో కాగితం మీద రాసిచ్చాను. ఇద్దరు ఉండిపోయారు, ఒకరు వెళ్ళిపోయారు. వెళ్ళిన అమ్మాయిని ఈసారి ఏమీ అనలేదు. మొన్న రైల్వే స్టేషన్లో కనపడితే బరువు తగ్గావే అన్నాను, "అక్కడ స్టూళ్ళు లేవక్కా" అంది.

వారం సెలవుల క్యాలెండరు గురించి చెప్పి ఆపేస్తాను. ఇదివరకు ఎవరికి ఎప్పుడు సెలవో నేనే చెప్పేదాన్ని, అదీ ముందురోజు రాత్రి. అందరికీ కార్తీక సోమవారాలే కావాలి, అందరూ నా దగ్గరకే వచ్చి అత్తగారి మీదో, మడి మీదో ఒట్టేసేవాళ్ళు. నాకు ఆ నెలంతా టెన్షన్. మూడేళ్ళ కిందట ఒక తేదీల క్యాలెండరు గోడకి తగిలించి, రోజుకి ఇద్దరు, పెళ్ళిళ్ళ ముహూర్తాల ముందు రెండ్రోజులు ఎవరికీ లేదు, మిగతాది మీరూ మీరూ చూసుకోండి అన్నాను. మొదటి నెల పెన్సిలు గీతలు, రబ్బరు మరకలు, ఒక చిన్న ఏడుపు. తర్వాత వాళ్ళే ఏదో వాటం కుదుర్చుకున్నారు. ఎవరు ఎవరితో మార్చుకున్నారో నాకు తెలియదు, అడగను.

కిందటి కార్తీకంలో పౌర్ణమికి మా అమ్మని అమరావతి తీసుకెళ్దామనుకుని, నేను కూడా ఆ రోజు రానని పెద్దక్కతో అన్నాను. ఆవిడ క్యాలెండరు దగ్గరకెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఆ రోజు ఇద్దరికే కదా, రెండూ అయిపోయాయండీ. ఎవరినైనా మార్చుకోమని అడగనా?" అంది.